బైలదిల దారిలో ఆయిలు ముల్లు

మన కర్మాగారపు ముడిపదార్థాల యార్డులోనికి దినమూ వచ్చి చేరే ఎర్రని ఇనుప ఖనిజం బైలదిల కొండలదని మనలో ఎవరినడిగినా చెబుతారు. 1990లో ‘గోదావరి’ అని పేరు పెట్టుకొన్న మన మొదటి ఊదుకొలిమి వెలిగిన నాటి నుండి ఆ కొండలకూ మనకూ వియ్యం కుదిరినట్లే. అయితే ఆ కొండలను కన్నులారా చూచినవారు, అందునా రోడ్డు దారిన పోయి చూచినవారు మనలో తక్కువ. 1997 డిసెంబరులో ఆ అవకాశం నాకు లభించింది. మేము పోయిన బండి పాత జీపు. దారి మధ్యలో దాని ఆయిలు ప్రెషరు పడిపోయింది. అందుచేత ఈ వ్యాసంలో బస్తరు అడవుల ముచ్చట ఎంత ఉన్నదో ఇంజను ఆయిలు గొడవ కూడా అంతే ఉన్నది. లూబ్రికేషను విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాని నుండి పాఠకులు ఇంతకంటె వేరుగా ఆశించరని నా నమ్మకం.

కొండ, రైలు, రాజ్యం

బైలదిల అంటే స్థానిక భాషలో ఎద్దు మూపురం. ఉత్తర దక్షిణాలుగా సాగిన ఆ కొండబారులను దూరం నుండి చూచినవారికి పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. శిఖరాలు 1200 మీటర్లకు పైబడినవి. ఖనిజంలో 65 శాతానికి మించి ఇనుము ఉండే నిక్షేపాలకు ఆ కొండ ప్రసిద్ధి. 1960లో జపాను ఉక్కు మిల్లులకు ఖనిజం ఎగుమతి చేయడానికి ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు తరలించడానికే కొత్తవలస నుండి కిరందుల్ దాకా 440 కిలోమీటర్లకు పైబడిన రైలు మార్గం వేశారు. తూర్పు కనుమలను తొలుచుకొని పోయే ఆ మార్గంలో 50కి పైగా సొరంగాలున్నాయి. 1968లో కిరందుల్ వద్ద 14వ నిక్షేపం, 1977లో బచేలి వద్ద 5వ నిక్షేపం పని ప్రారంభించాయి.

మేము పోయిన నాటికి బస్తరు మధ్యప్రదేశ్‌లో ఒకే జిల్లా. వైశాల్యం 39,000 చదరపు కిలోమీటర్లకు పైమాటే, అనగా కేరళ రాష్ట్రం కంటె పెద్దది. 1998లో ఆ జిల్లాను బస్తరు, దంతెవాడ, కాంకేర్ జిల్లాలుగా విభజించారు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. తెలుగువారికి ఈ నేల పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన తరువాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతీ ప్రాంతానికి వచ్చి రాజ్యం నెలకొల్పినాడని బస్తరు రాజవంశ చరిత్ర చెబుతుంది. దంతెవాడలోని దంతేశ్వరీదేవి ఆ వంశానికి ఇలవేలుపు.

ప్రయాణ కారణం

ప్రయాణం నా మిత్రునిది. మిల్లుల విభాగంలో ఫోర్‌మన్. ఆయన తండ్రిగారు యువకుడుగా ఉన్నప్పుడు ఆ రైలు మార్గపు మట్టిపనిలో కూలీగా చేరి, తరువాత మేస్త్రీ అయినవారు. జగదల్‌పూర్‌కూ గీదంకూ మధ్య దిల్‌మిలి స్టేషను దరిదాపుల ఒక వాగు మీద కట్టిన కల్వర్టు దగ్గర ఆయన దాదాపు రెండేళ్లు గుడారంలో కాపురమున్నారు. ఆ కల్వర్టును మరొకసారి చూడాలని, అక్కడి నుండి కిరందుల్ పోయి, తాము పనిచేసిన నాటికి ఇంకా తవ్వకం మొదలుకాని ఆ కొండ ఇప్పుడెట్లున్నదో చూడాలని ఆయన కోరిక. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. నీటికాసుల జబ్బు వలన ఒక కంటి చూపు పూర్తిగా పోయింది. రెండవ కంటికి మిగిలిన చూపు ఎన్నాళ్లు నిలుస్తుందో వైద్యులు చెప్పలేకపోయారు. రైలులో పోతే కల్వర్టు రెప్పపాటులో దాటిపోతుంది. కనుక జీపు.

మిత్రుని జీపు ప్రభుత్వ వేలంలో కొన్నది. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, నాలుగు చక్రాలకూ శక్తి అందే రకం. వయసు ఇరవై ఏళ్లకు పైబడినా దానిని ఆయన మిల్లు యంత్రం వలెనే చూచుకొనేవారు. ప్రతి ఉదయం ఇంజను స్టార్టు చేయకముందు డిప్‌స్టిక్ తీసి, ఆయిలు మట్టం ఎంత ఉన్నదో ఒక చిన్న పుస్తకంలో వ్రాసేవారు. ఆయిలు ప్రెషరు చూపే మీటరులో ముల్లు వేడి ఇంజనుతో పరుగులో ఎక్కడుంటుందో, నిలిపిన బండిలో ఎక్కడుంటుందో కూడా ఆ పుస్తకంలోనే ఉండేది. పరుగులో రెండున్నర కిలోలు, నిలిపినప్పుడు ఒక కిలో అన్నది ఆ జీపు అలవాటు. కిలో అంటే ఇక్కడ చదరపు సెంటీమీటరుకు ఒక కిలోగ్రాము ఒత్తిడి. పాత ఇంగ్లీషు కొలతలో సుమారు 14 పౌండ్లు.

సాలూరు నుండి జగదల్‌పూర్ దాకా

మిత్రుడు, వారి తండ్రిగారు, కళాశాలలో చదువుకొనే వారబ్బాయి, నేను, మొత్తం నలుగురం తెల్లవారుజామున బయలుదేరాము. విజయనగరం దాటి, లారీల ఊరుగా పేరుబడ్డ సాలూరులో ఫలహారం చేసి, సుంకి ఘాటు ఎక్కాము. అంత చలిలోనూ ఘాటులో రెండవ గేరు మీద పోతుంటే బానెట్టు నుండి వేడి ముఖానికి కొట్టేది. పొట్టంగి దాటాక కొండలమీద వలిసె చేలు కోతకు వచ్చి ఉన్నాయి. కోరాపుట్, జయపురం మీదుగా సాయంకాలానికి కోట్‌పాడ్ చేరాము. తొగరు వేళ్ల రంగుతో నేసే చేనేత బట్టలకు ఆ ఊరు పేరు పొందినది. మిత్రుడు అక్కడొక కండువా కొని తండ్రిగారి భుజాన కప్పాడు. రాత్రికి జగదల్‌పూర్‌లో బస. దారి పొడుగునా ముల్లు తన అలవాటు తప్పలేదు.

మరునాటి ఉదయం పుస్తకంలో వ్రాసిన మాట ఇది: ఆయిలు రెండు గీతలకు నడుమ. ఈ చిన్న వాక్యమే ఆ దినం మమ్మల్ని కాపాడింది.

ముల్లు పడిపోయిన చోట

గీదం పోయే రహదారి మీద కొంత దూరం పోయి, దారి అడిగి తెలుసుకొని, అడవి బాట పట్టాము. రెండు ప్రక్కలా ఆకాశాన్నంటే గుగ్గిలం చెట్లు. వాటి మధ్య జీలుగు చెట్లకు కట్టిన కల్లు కుండలు. అక్కడివారు ఆ కల్లును సల్ఫీ అంటారు. బాట ఎర్రమట్టిది. రెండు చోట్ల వాగు అడ్డం వచ్చింది. నీరు మోకాలి లోతుకు మించకపోయినా అడుగున బురద ఎక్కువ. చక్రాలు ఆ బురదను ఇంజనుకు నిండా పట్టించాయి. తరువాత మొదటి గేరులో ఒక గంటసేపు ఎగుడుదిగుడు ప్రయాణం. ఒక ఊరి సంత దగ్గరకు వచ్చి బండి నెమ్మది చేసేసరికి మిత్రుడు ఒక్కసారిగా ఇంజను ఆపివేశాడు. నిలిపిన బండిలో కిలో చూపవలసిన ముల్లు సున్నాను తాకబోతున్నది.

“ఏటి నాయనా, బండికి జబ్బు చేసిందేటి?” అన్నారు పెద్దాయన.

“ఏమీ లేదు నాన్నగారూ, కాసేపు సేద తీరుతోంది” అన్నాడు మిత్రుడు. కాని ఆయన ముఖంలో రంగు లేదు.

వలిసెలు కొనుగోలు చేయడానికి సంతకు వచ్చిన సాలూరు లారీ ఒకటి అక్కడుంది. తెలుగు మాట వినగానే డ్రైవరు దిగివచ్చి పలకరించాడు. మేము చెప్పింది విని, “బేరింగులు పోనాయండి. ఇంజను దింపాల్సిందే. తాడు కట్టి జగదల్‌పూర్ దాకా లాక్కుపోమంటే లాక్కుపోతాను” అన్నాడు. అతను చెప్పినది అసంభవమేమీ కాదు. పాత ఇంజనులో ఆయిలు ప్రెషరు పడిపోతే చాలామంది చెప్పే మొదటి మాట అదే. నిజంగా బేరింగులే పోయివుంటే బస్తానార్ ఘాటు ఎక్కేలోపల ఇంజను పట్టివేస్తుంది. ఇంజను దింపితే కనీసం పది రోజులు. సెలవులు అయిపోతాయి, పెద్దాయనను బస్సులో తిరిగి తీసుకుపోవాలి. మళ్లీ శీతకాలానికి ఆ కంటిలో చూపు ఉంటుందో లేదో!

ఏ సంగతీ తేలేదాకా తాళం తిప్పకూడదని ముందుగా నిశ్చయించుకొన్నాము.

కారణం కోసం

ఇక్కడ పాఠకులకు ఒక్క మాట. మన క్వార్టర్ల పెరటిలో మొక్కలకు నీరు పెట్టేటప్పుడు గొట్టం చివర బొటనవ్రేలు అడ్డం పెడితే నీరు దూరం చిమ్ముతుంది. వ్రేలు తీస్తే ధార క్రింద పడుతుంది. కుళాయి మారలేదు, నీరు మారలేదు. మారింది అడ్డు మాత్రమే. ఇంజను ఆయిలు పంపు కూడా కుళాయి వంటిదే. అది ఆయిలును నెడుతుంది. క్రాంకు షాఫ్టుకూ బేరింగులకూ మధ్య ఉండే వెంట్రుకవాసి సందులు దానికి అడ్డుపడతాయి. ఆ అడ్డు వలన పుట్టేదే ప్రెషరు. సందులు అరిగి పెద్దవైతే ప్రెషరు తగ్గుతుంది. సందులు అట్లాగే ఉండి ఆయిలే పలుచనైనా తగ్గుతుంది. మట్టం తగ్గి పంపు గాలి పీల్చినా, సంపులోని జల్లెడ మూసుకొన్నా, పంపు అరిగినా, అధిక ప్రెషరును వదిలివేసే రిలీఫ్ వాల్వు మూతపడక తెరచుకొని ఉండిపోయినా తగ్గుతుంది. అసలు తగ్గకుండానే మీటరు తగ్గినట్లు చూపవచ్చు. ముల్లు ఒక్కటే, కారణాలు ఆరేడు. వాటిలో అన్నిటికంటె ఖర్చయినది బేరింగులు. చిత్రమేమంటే జనం మొదట అనేది దానినే.

మేము ఖర్చులేని దానితో మొదలుపెట్టాము. మొదటిది శబ్దం. బండి నిలిపే ముందు ఇంజను నుండి డబడబమని కొట్టుకొనే మోత ఏదీ రాలేదని నలుగురమూ ఒకే మాట చెప్పాము. బేరింగులు పోయిన ఇంజను మౌనంగా ఉండదు. రెండవది ఆయిలు మట్టం. బండిని సమతలం మీదకు నెట్టించి, పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీశాము. మిత్రుడు దానిని చూచి, పుస్తకం తెరచి, మళ్లీ డిప్‌స్టిక్ చూచాడు. ఉదయం రెండు గీతలకు నడుమ ఉన్న ఆయిలు ఇప్పుడు పై గీతను వ్రేలెడు దాటి ఉన్నది!

ఇంజనులో ఆయిలు తగ్గడం సహజం. పెరగడం మాత్రం సహజం కాదు. పెరిగిందంటే ఏదో వచ్చి కలిసిందన్నమాట. కలవగలిగేవి రెండే: నీరు, పెట్రోలు. నీరు కలిస్తే ఆయిలు మజ్జిగ వలె తెల్లబడుతుంది. ఇది నల్లగానే ఉన్నది. ముక్కు దగ్గర పెట్టుకొంటే ఘాటైన పెట్రోలు వాసన. డబ్బాలోని క్రొత్త ఆయిలు ఒక చుక్క, డిప్‌స్టిక్ చుక్క ఒకటి వార్తాపత్రిక అంచు మీద ప్రక్కప్రక్కన వేశాము. క్రొత్త చుక్క గుండ్రంగా నిలిచింది. రెండవది చూస్తుండగానే చుట్టూ పలుచని వలయమై పాకిపోయింది. చుట్టూ మూగినవారి చేత బీడీలు ఆర్పించి అందరినీ దూరంగా పంపాము.

పెట్రోలు ఇంజను లోపలికి వెళ్లగల దారి ఒకటే కనబడింది, ఫ్యూయల్ పంపు. ఈ పాతరకం పంపు ఇంజను ప్రక్కకు బిగించి ఉంటుంది. లోపల రబ్బరు పూసిన గుడ్డతో చేసిన డయాఫ్రమ్ పైకీ క్రిందికీ ఆడి ట్యాంకు నుండి పెట్రోలు పీలుస్తుంది. డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు బయటికి కారిపోయి మనకు తెలియడం కోసం పంపు క్రింది భాగాన చిన్న రంధ్రం ఉంచుతారు. మేము చూచేసరికి ఆ రంధ్రం వాగులోని ఎర్రమట్టితో బిగుసుకొని ఉన్నది. బయటికి పోవలసిన పెట్రోలు, అరిగిన సీలు గుండా ఇంజను లోపలికి దారి చేసుకొన్నది. పంపు విప్పి డయాఫ్రమ్‌ను ఆకాశానికి ఎత్తి పట్టుకొంటే మడత వెంబడి అంగుళం మేర వెలుతురు కనబడింది. అనుమానం రుజువైనది. లారీ డ్రైవరు కూడా వచ్చి ఎత్తి చూచి, “ఇదా సంగతి! మీ ముక్కు మంచిదండీ” అని నవ్వి, మిత్రుణ్ణి తన లారీలో జగదల్‌పూర్ తీసుకుపోతానన్నాడు. పంపు కిట్టు, ఆయిలు డబ్బా, ఫిల్టరు, గాస్కెట్లు అని చీటీ వ్రాసి ఇచ్చాము.

కల్వర్టు మీద బండి

సామాను వచ్చేదాకా చేయగలిగిన పని లేదు. మిత్రుని కుమారుణ్ణి జీపు దగ్గర ఉంచి, పెద్దాయనకు సంత చూపించాను. వలిసెలు, చింతపండు, ఎండుచేపలు, విప్పగింజల నూనె, ఎర్రచీమలతో చేసే చాప్డా పచ్చడి. చీమల పచ్చడి పేరు వినగానే పెద్దాయన ముఖం వికసించింది. ఆకులో పెట్టించుకొని నాలుకకు రాసుకొని, “అప్పుడూ ఇదే పులుపు” అన్నారు. త్రాగునీటి కోసం అడిగితే ఒక పిల్లవాడు “ఏర్” అంటూ చేయి చూపాడు. గోండీలో ఏర్ అంటే నీరు. మన ఏరు, వారి ఏర్ ఒకే కుదురువి. మా మాట వారికి, వారి మాట మాకు తెలియకపోయినా పిల్లలు నాలుగు వ్రేళ్లు చూపి “నాలుంగ్” అన్నప్పుడు మాకు తర్జుమా అవసరం లేకపోయింది.

రైలు మార్గం ఎంత దూరమని సైగలతో అడిగితే ఆ పిల్లలే దారి తీశారు. మైలున్నర నడక. పెద్దాయన నా చేయి పట్టుకొని, కర్ర తాటిస్తూ, చివరి మలుపు దగ్గర మాత్రం చేయి వదిలి ముందుకు నడిచారు. గట్టు మీద రైలు పట్టాలు. గట్టు క్రింద రాతి కట్టడపు కల్వర్టు. అడుగున సన్నని నీటి పాయ. ఆయన కల్వర్టు రాతిగోడ దగ్గరకు పోయి అరచేయి ఆనించి, రాళ్ల నడుమ సిమెంటు పూత మీద వ్రేళ్లు పోనిచ్చి, మూల దగ్గర ఆగారు. “ఈ మూల రెండుసార్లు పడగొట్టి కట్టించారు బాబూ. అప్పుడు తిట్టుకొన్నాం” అన్నారు.

కొంతసేపటికి నేల సన్నగా అదరసాగింది. కిరందుల్ వైపు నుండి జంట విద్యుత్ ఇంజన్లు, వాటి వెనుక ఖనిజం నింపిన పెట్టెలు. ఆయన రాతి మీద నుండి చేయి తీయలేదు. పెట్టెలు ఒక్కొక్కటీ దాటుతుంటే పెదవులతో లెక్క పెడుతున్నారు. నేను ఆ ఎర్రని రాశులను చూస్తూ, ఇవి మన యార్డు చేరేసరికి ఏ షిఫ్టు అవుతుందో లెక్క కట్టుకొన్నాను. బండి దాటిపోయిన తరువాత, “ఎన్ని బాబయ్యా?” అని అడిగాను. “యాభై దాకా లెక్కెట్టాను. తరవాత కన్ను నీరు కారింది” అన్నారు.

మరమ్మతు

మూడు గంటలకు మిత్రుడు ఒక టాక్సీ జీపులో తిరిగి వచ్చాడు. మొదట సంపు ప్లగు విప్పి పాత ఆయిలు ఖాళీ డబ్బాలలోకి దింపాము. నాలుగు లీటర్లు పట్టే సంపు నుండి దాదాపు అయిదు లీటర్లు వచ్చింది. ఆ నూనెను అడవి నేల మీదగాని వాగులోగాని పోయక వెంట తీసుకువచ్చాము. పంపుకు క్రొత్త డయాఫ్రమ్, క్రొత్త సీలు వేసి, రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రం చేసి బిగించాము. ఫిల్టరు మార్చి క్రొత్త ఆయిలు పోశాము. స్పార్కు ప్లగ్గుల తీగలు తీసివేసి, స్టార్టరుతో ఇంజనును కొన్ని చుట్లు త్రిప్పి, ముల్లు కదిలిన తరువాతనే తీగలు తగిలించి స్టార్టు చేశాము.

చల్లని ఇంజనుతో ముల్లు దర్జాగా మూడు కిలోల మీద నిలిచింది. చూస్తున్నవారు చప్పట్లు కొట్టారు. కాని చల్లని ఆయిలు చిక్కగా ఉంటుంది కనుక ఆ సాక్ష్యం చెల్లదు. ఇరవై నిమిషాలు నడిపి ఇంజను వేడెక్కిన తరువాత చూస్తే, నిలిపిన బండిలో అర కిలో. మునుపటి కంటె మేలే, కాని పుస్తకంలోని కిలో కాదు. అనగా రెండవ కారణం కూడా ఉన్నది. క్రమంలో తరువాతిది రిలీఫ్ వాల్వు. ఈ ఇంజనులో దానిని సంపు దింపకుండానే ఆయిలు పంపు ప్రక్కన ఒక టోపీ నట్టు విప్పి బయటికి తీయవచ్చు. తీసి చూస్తే లోపలి ప్లంజరు జిడ్డుతో పట్టివేసి సగం తెరచుకొనే ఉన్నది. పాత జిడ్డు పెట్రోలు తగిలి ఊడి వచ్చి అక్కడ చేరి ఉంటుంది. కడిగి, తుడిచి, వ్రేలితో నొక్కితే జారి మళ్లీ పైకి లేచేదాకా శుభ్రం చేశాము.

అక్కడ చేరిన వారిలో ఒకరు స్ప్రింగు క్రింద ఇంకొక వాషరు వేస్తే ముల్లు ఇంకా లేస్తుందని సలహా ఇచ్చారు. లేస్తుంది, నిజమే. కాని అది జ్వరం వచ్చినవాని థర్మామీటరును చల్లనీళ్లలో ముంచడం వంటిది. ఎన్ని వాషర్లు ఉన్నవో అన్నింటినే తిరిగి వేశాము. సాయంత్రం అయిదున్నరకు, వేడి ఇంజను, నిలిపిన బండి, ముల్లు ఒక కిలో మీద. పరుగులో రెండున్నర. మిత్రుడు పుస్తకం తీసి అంకెలు వ్రాసి, ప్రక్కన తేదీ వేశాడు.

గీదం, దంతెవాడ, కిరందుల్

ఆ రాత్రి గీదంలో ఆగాము. దారిలో బస్తానార్ ఘాటు ఎక్కుతున్నంతసేపూ నలుగురమూ దారిని కాక ముల్లునే చూచాము. మరునాడు దంతెవాడలో శంఖిని, డంకిని నదుల సంగమం దగ్గర దంతేశ్వరీ దర్శనం. పూర్వం మన ఓరుగల్లు ప్రభువుల వంశానికి ఇలవేలుపైన తల్లి కనుక పెద్దాయన తెలుగులోనే మొక్కుకొన్నారు. భాన్సి, బచేలి మీదుగా పోతుంటే కుడిచేతి వైపు ఎద్దు మూపురం మెల్లగా లేచి ఆకాశాన్ని ఆక్రమించింది.

కిరందుల్ చక్కని టౌన్‌షిప్. బజారులో తెలుగు చెవిని పడుతూనే ఉంటుంది. పెద్దాయన కొండకు ఎదురుగా ఒక రాతి మీద కూర్చుండి, ఆకుపచ్చని కొండలో ఎర్రగా చెక్కిన మెట్లను మసక కంటితో చాలాసేపు చూచారు. “మేము మోసిన మట్టి దీని ముందు లెక్కలోదా?” అని ఒకమారు, “మేము దారి వేయకపోతే ఇది కదిలేదా?” అని ఒకమారు అన్నారు. రెండింటికీ జవాబు మా వద్ద లేదు. ఆయనకు అవసరమూ లేదు. తిరుగు ప్రయాణంలో చిత్రకోట్ వద్ద ఇంద్రావతి సుమారు 30 మీటర్ల ఎత్తు నుండి దూకడం చూచాము. ఆయన కన్ను మూసుకొని ఆ హోరు వింటూ నిలబడ్డారు. మరుసటి సంవత్సరం వర్షాకాలం నాటికి రెండవ కంటి చూపు కూడా పోయింది.

విశాఖ చేరిన తరువాత సందేహం మిగలకూడదని జీపు సంపు దింపించి, బేరింగు మూతలు విప్పి చూచాము. బేరింగుల ముఖాలు మెరుగు పెట్టినట్లు నున్నగా ఉన్నాయి, అంతే. మార్చవలసిన అవసరం రాలేదు. సంతలో ఇంజను ఆపకుండా మరొక పది కిలోమీటర్లు నడిపివుంటే ఈ వాక్యం వేరుగా ఉండేది.

చివరిమాట

మన మిల్లులలోనూ బ్లోయర్లలోనూ ఆయిలు ప్రెషరు తగ్గితే ఇంటర్‌లాకు మోటారును తనంతట తానే ఆపివేస్తుంది. ఇంటిముందున్న పాత బండికి ఆ రక్షణ లేదు. ముల్లును చూచే కన్నే దాని ఇంటర్‌లాకు. కనుక ముల్లు పడిపోయినప్పుడు ముందుగా ఇంజను ఆపాలి. తరువాత వరుస తప్పకూడదు: శబ్దం, మట్టం, వాసన, చిక్కదనం, మరొక మంచి మీటరుతో సరిచూడటం, ఫిల్టరు, రిలీఫ్ వాల్వు, జల్లెడ, పంపు, అన్నిటికంటె చివర బేరింగులు. ఉన్న ముల్లు ఎంత చూపాలో బండి పుస్తకం చెబుతుంది. నిన్న ఎంత చూపిందో మన పుస్తకం చెప్పాలి. నిన్నటి అంకె లేనివానికి నేటి అంకె భయం మాత్రమే పెట్టగలదు.

2005 తరువాత చాలా ఏళ్లు ఆ అడవి బాటలు హింసతో నలిగిపోయాయి. మావలె దారి అడుగుతూ తిరగడం సాధ్యం కాని కాలమది. జగదల్‌పూర్ చేరువన నగర్నార్‌లో 2023లో క్రొత్త ఉక్కు కర్మాగారపు ఊదుకొలిమి వెలిగింది. బైలదిల ఖనిజానికి ఇంటి దగ్గరనే మరొక వియ్యం కుదిరింది. దిల్‌మిలి దగ్గరి ఆ కల్వర్టు మీదుగా ఖనిజపు బండ్లు నేటికీ విశాఖ వైపు సాగుతున్నాయి. ఉత్సాహమున్న ఉద్యోగ సోదరులు ఒక శీతకాలం కుటుంబంతో కిరందుల్ రైలెక్కి కిటికీ దగ్గర కూర్చోండి. జగదల్‌పూర్ దాటిన తరువాత క్రింద దాటే ప్రతి చిన్న రాతి కట్టడాన్నీ ఎవరో రెండుసార్లు పడగొట్టి కట్టి ఉంటారని పిల్లలకు చెప్పండి.